మీకు తెలుసా? ఆరు టన్నుల కింద ఒక రబ్బరు చుట్టు

అనకాపల్లి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏదో ఒక లారీ ఆగి ఉండటం, వెనక చక్రం దగ్గర క్లీనర్ గొంతుక్కూర్చుని జాకీ కొడుతుండటం రోజూ కనిపించేదే. ఆ కుర్రాడు హ్యాండిల్ మీద వేసే బలం మహా అయితే పాతిక కిలోలు. పైకి లేస్తున్నది ఆరు టన్నులు. ఎలా అంటారా? జాకీలో రెండు పిస్టన్లుంటాయి. హ్యాండిల్‌కు తగిలించిన చిన్నదాని అడ్డుకొలత ఒక సెంటీమీటరు, బరువెత్తే పెద్దదానిది నాలుగు సెంటీమీటర్లు అనుకుందాం. అడ్డుకొలత 4 రెట్లయితే వైశాల్యం 16 రెట్లు. ఆయిల్ తన మీద పడిన ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా పంపుతుంది కాబట్టి బలమూ 16 రెట్లవుతుంది. పొడవాటి హ్యాండిల్ దాన్ని ఇంకో 15 రెట్లు పెంచుతుంది. మొత్తం 240 రెట్లు. పాతిక కిలోలు ఆరు వేల కిలోలైపోయాయి. అయితే చిన్న పిస్టన్ రెండు సెంటీమీటర్ల పైచిలుకు కదిలితే పెద్దది లేచేది మిల్లీమీటరున్నర మాత్రమే. అంతసేపు కొట్టాల్సి రావడానికి కారణం అదే.

అప్పుడు లోపలి ఆయిల్ మీద ఒత్తిడి ఎంతో తెలుసా? చదరపు సెంటీమీటరుకు 470 కిలోలు దాటుతుంది. లారీ టైరులో గాలి ఎనిమిది కిలోల దగ్గర ఉంటుంది. దాదాపు అరవై రెట్లన్నమాట. అంత ఒత్తిడిని బయటికి పోనివ్వకుండా పట్టుకుని ఉన్నది పిస్టన్ చుట్టూ ఉన్న ఒక రబ్బరు సీలు.

ఈ సీలుకు పెద్ద కథే ఉంది. ద్రవాల ఒత్తిడి సూత్రం 17వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో పాస్కల్ చెప్పాడు. దాన్ని యంత్రంగా మార్చి లండన్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నది 1795లో. మధ్యలో వందేళ్లకు పైగా గడిచాయి. బ్రామాకు కూడా తొలుత తల నొప్పి తెచ్చింది లీకేజీయే. పిస్టన్ సందుల్లోంచి నీరు చిమ్మేది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే గిన్నె ఆకారంలో తోలు సీలు అమర్చి గట్టెక్కించాడని చెబుతారు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలు అంచు గోడకు మరింత గట్టిగా అతుక్కునేది. చేత్తో పట్టుకుపోగల జాకీకి న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ 1851లో పేటెంటు పొందాడు. తోలు పోయి రబ్బరు వచ్చింది. మిగతా సూత్రమంతా మన డిక్కీలో ఉన్న బాటిల్ జాకీలో అలాగే ఉంది.

రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోతే ఇంటిని మొత్తంగా లేపే పనులు మన ఊళ్లలోనూ చూస్తున్నాం. పునాది చుట్టూ వరసగా ఎక్కువగా పెట్టేవి మరజాకీలు. మరలో రాపిడి వల్ల అది తనంతట తాను వెనక్కి తిరగదు. రాత్రంతా వదిలేసినా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. హైడ్రాలిక్ జాకీకి ఆ గుణం లేదు. సీలు కాస్త అరిగినా, లోపలి వాల్వు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆయిల్ మెల్లగా జారుతుంది, బండీ దానితోపాటే దిగుతుంది. ఒక్కోసారి మెల్లగా కాదు, ఒక్కసారిగా. అందుకని జాకీతో లేపిన వెంటనే ఛాసిస్ కిందో ఇరుసు కిందో ఇనుప స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాకే కిందికి దూరాలి. రోడ్డు మీద స్టాండు దొరకనప్పుడు కనీసం విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి ఛాసిస్ కిందికి తోసేయండి. జాకీ జారినా మనిషికి కాస్త చోటు మిగులుతుంది. అలాంటప్పుడు కూడా పని చేతులతో పక్కనుంచి చేసుకోవాలి గానీ, ఒళ్లు మాత్రం కిందికి పోనివ్వకూడదు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఏ మెకానిక్‌తోనూ రాజీ పడను.

చెరకు, బెల్లం సీజన్లో మన దగ్గర ఇంకో చిక్కుంది. కశింకోట, తాళ్లపాలెం వైపు రోడ్డంచు మట్టి వానలకు మెత్తబడి ఉంటుంది. జాకీ అడుగు పన్నెండు సెంటీమీటర్ల చదరం అయితే, ఆరు టన్నులు మోసేటప్పుడు దాని కింది నేల మీద చదరపు సెంటీమీటరుకు 41 కిలోలకు పైగా పడుతుంది. తడి మట్టికి అంత ఓపిక ఎక్కడిది? బండి లేచే బదులు జాకీ దిగబడుతుంది, అదీ ఒక పక్కకు ఒరుగుతూ. నలభై అయిదు సెంటీమీటర్ల చదరంగా మందపాటి గట్టి చెక్క ఒకటి అడుగున వేస్తే అదే బరువు మూడు కిలోలకు తగ్గిపోతుంది. ఇటుక వద్దు. ఇటుక నెర్రె ఇవ్వకుండానే పగులుతుంది. జాకీ తలకీ ఇరుసుకీ మధ్య రాయి, ఇనుప ముక్క దూర్చడం అంతకన్నా ప్రమాదం. ఇనుము మీద ఇనుము సబ్బులా జారుతుంది.

బండిని గేరులో పెట్టాం, ఇంకెక్కడికి పోతుంది అనుకునేవారు ఇది చదవాలి. ఇంజను తిప్పే రెండు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచిందంటే, డిఫరెన్షియల్ వల్ల నేల మీదున్న రెండోది స్వేచ్ఛగా దొర్లగలదు. గేరు పట్టు అక్కడికి పోయినట్టే. అందుకని హ్యాండ్‌బ్రేక్‌తో పాటు, లేపే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా చెక్క అడ్డులు పెట్టాలి. వీల్ నట్లు కూడా చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు సడలించుకోండి. లేపాక పానా వేసి లాగితే ఆ ఊపుకు జాకీ మీదున్న బండి కదులుతుంది.

జాకీ ఎన్ని టన్నులది ఉండాలి? 2018లో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద 11.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఒక పక్కే లేపితే జాకీ మీద సుమారు సగం పడుతుంది కాబట్టి పది టన్నులది సరిపోతుంది. ఇరుసు నడుమ పెట్టారా, మొత్తం బరువూ దానిదే. ఓవర్‌లోడు సంగతి చెప్పనక్కర్లేదు. కొన్ని జాకీలకు పక్కన సీలు వేసిన చిన్న స్క్రూ ఉంటుంది. బరువు మించితే ఆయిల్‌ను వెనక్కి వదిలే వాల్వు అది. దాన్ని బిగించి జాకీకి బలం పెంచామనుకునేవాళ్లు ఉన్నారు. పెరిగేది ప్రమాదం.

పంక్చరు పడ్డది హైవే మీద ట్రాఫిక్ వైపు చక్రానికైతే, గాలి లేకపోయినా మెల్లగా నడిపి రోడ్డు విడిచి దించాకే జాకీ తీయండి. టైరు పోతే పోయింది. ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టి 1033కు ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్.

ఇక ఆయిల్ సంగతి. జాకీలో బ్రేకాయిల్ పోయకూడదని తెలుసా? పేరుకు రెండూ ఆయిళ్లే. సాధారణ బ్రేకాయిల్ గ్లైకాల్‌తో చేసింది, జాకీ సీలు పెట్రోలియం ఆయిల్‌కు తగ్గ రబ్బరు. బ్రేకాయిల్‌లో అది ఉబ్బి మెత్తబడుతుంది. ఎలా పాడైందో తెలియకుండానే జాకీ చెడుతుంది. హైడ్రాలిక్ ఆయిల్ అని అడిగి కొనండి. పోసేటప్పుడు పిస్టన్ పూర్తిగా దించి, జాకీని నిలబెట్టి, రబ్బరు బిరడా తీసి ఆ రంధ్రం అడుగు అంచు దాకా పోయాలి. ఆ తర్వాత రిలీజ్ వాల్వు తెరిచి హ్యాండిల్ నాలుగైదుసార్లు కొడితే లోపల చిక్కిన గాలి బయటపడుతుంది. హ్యాండిల్ స్పాంజి మీద నొక్కినట్టు మెత్తగా తగులుతోందంటే లోపల గాలి ఉన్నట్టే.

రిపేరు బల్ల మీద విప్పిన జాకీని ఒకసారి చూడండి. మెకానిక్ అడుగున వాల్వుగా పనిచేసే స్టీలు గోళీని వేలి మీదికి తీసుకుని గుడ్డతో తుడుస్తాడు, దాని గుంటను వెలుతురుకు పెట్టి చూస్తాడు. వెంట్రుకంత గీత కనిపించినా ఆయిల్ వెనక్కి పోయే దారి అదే. తర్వాత పిస్టన్ కడ్డీ మీద గోరుతో పైనుంచి కిందికి గీస్తాడు. గోరు ఎక్కడ ఆగిందో అక్కడ తుప్పు తిన్న గుంట ఉంది. అచ్యుతాపురం, పూడిమడక వైపు ఉప్పుగాలి తగిలే బళ్లలో ఇది తొందరగా వస్తుంది. జాకీని పిస్టన్ లేపి ఉంచేస్తే ఆ నున్నటి కడ్డీ బయటే ఉండి తుప్పు పడుతుంది, ఆ తుప్పు ప్రతిసారీ కొత్త సీలును కోస్తుంది. పని అవగానే తుడిచి, పూర్తిగా దించి, నిలబెట్టి భద్రం చేయడం ఇందుకే.

అనకాపల్లి జిల్లాలో క్వారీలు, క్రషర్లు చాలా ఉన్నాయి. వాటి టిప్పర్ల తొట్టిని లేపేదీ ఈ ఆయిల్ ఒత్తిడే. ఖాళీ తొట్టి అయినా టన్నుల బరువు. ఒక్క పైపు పగిలితే చాలు, దిగిపోతుంది. దాని కింద గ్రీజు పెట్టేముందు బండితో వచ్చిన ఇనుప ఊతాన్ని నిలబెట్టి తీరాలి. పైపు చెమ్మగిల్లితే ఎక్కడ కారుతోందోనని వేలితో తడమకండి. సన్నటి రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ ధార చర్మం చీల్చుకుని కండలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా ముందు అంతగా ఉండదు. గంటల్లో ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి, చాలు.

మీ జాకీ నమ్మదగ్గదేనా? ఖాళీ బండి చక్రం కాస్త లేపి, నేలకీ టైరుకీ మధ్య ఎత్తు కొలిచి, దూరంగా నిలబడి పది నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. తగ్గితే సీలు, వాల్వు చూపించండి. అవి మార్చాక కూడా దిగుతుంటే దాన్ని బండిలో పెట్టుకోవద్దు, ఇంకొకరికి అమ్మనూ వద్దు. హ్యాండిల్ విరిచి పాత ఇనుము కొట్టుకు వేసేయండి.