నాలుగు పెన్సిల్ సెల్లు, నలభై కిలోబైట్లు

ఫోనులో తెలుగులో ఒక మెసేజ్ కొట్టండి: "రేపు పొద్దున బస్సుకి వస్తున్నా, బస్టాండుకి రా." ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ ఫోను మూడేసి బైట్లు తీసి పెడుతుంది. ఆ లెక్కన ఈ చిన్న కబురుకే 120 బైట్లు దాటిపోతాయి.

1977 సెప్టెంబరులో అమెరికాలో అమ్మకానికొచ్చిన అటారీ 2600 అనే వీడియో గేమ్ పెట్టెలో ఉన్న ర్యామ్ మొత్తం 128 బైట్లు. ఆడేవాడు తెర మీద ఎక్కడున్నాడు, శత్రువు ఎటు వస్తున్నాడు, గుండు ఎంత దూరం పోయింది, స్కోరెంత, ఎన్ని లైఫులు మిగిలాయి, అన్నీ ఆ బస్టాండు కబురంత చోటులోనే సర్దుకోవాలి. తెర మీది బొమ్మను దాచుకునే చోటు దానికి అసలు లేదు. పాత టీవీలో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీతా గీసుకుంటూ దిగుతుంది కదా, ఆ కిరణం ఈ గీత పూర్తి చేసేలోపు వచ్చే గీతలో ఏముండాలో ప్రోగ్రాము లెక్కగట్టి అందించాలి. పంక్తిలో కూర్చున్నవాడు ఈ ముద్ద మింగేలోపు తరువాతి ముద్ద వండి విస్తట్లో వెయ్యడం లాంటి పని ఇది. అదీ ఒక్కసారి కాదు, సెకనుకి 60 సార్లు తెర మొత్తం. అలాంటి పెట్టె దాదాపు 3 కోట్లు అమ్ముడై, 1992 మొదటిరోజు దాకా తయారవుతూనే ఉంది.

పాత గేమ్ మెషిన్లంటే నాకున్న ప్రాణమంతా ఇక్కడే ఉంది. కొత్తవాటిని తక్కువ చెయ్యను. కానీ ఇంత తక్కువ సరంజామాతో ఇంత ఆనందం వండిన చేతులను చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అందుకే కొన్నేళ్లుగా వీటి వింతలు ఏరి దాచుకుంటున్నాను. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి ఇవి.

మొట్టమొదటిది మూగది

ఇంట్లో టీవీకి తగిలించి ఆడే తొలి మెషిన్ మాగ్నవాక్స్ ఒడిస్సీ. 1972లో వచ్చింది. దానికి శబ్దం లేదు, రంగు లేదు, స్కోరు లెక్కపెట్టే తెలివీ లేదు. తెర మీద కనిపించేవి కొన్ని తెల్లటి చుక్కలు, ఒక నిలువు గీత, అంతే. మిగతాదంతా పెట్టెలోంచి తీసుకోవాలి: టీవీ అద్దానికి అంటించే రంగు ప్లాస్టిక్ షీట్లు, పాచికలు, పేక ముక్కలు, ఉత్తుత్తి డబ్బు నోట్లు. టెన్నిస్ షీటు అంటిస్తే ఆ చుక్క బంతి, ఇంకో షీటు అంటిస్తే అదే చుక్క దెయ్యం. దీని వెనకున్న మనిషి రాల్ఫ్ బేర్. నాజీల కాలంలో 1938లో కుటుంబంతో జర్మనీ విడిచి అమెరికా చేరిన కుర్రాడాయన. ఒడిస్సీకి ముందు చేసుకున్న నమూనా పెట్టెను చెక్క రంగు స్టిక్కరుతో చుట్టడంతో దానికి బ్రౌన్ బాక్స్ అని పేరు పడింది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది.

క్యాసెట్ మార్చి కొత్త ఆట ఆడే సౌకర్యం తొలిసారి ఇచ్చింది ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్, 1976లో. ఆ పని నడిపిన ఇంజినీరు జెర్రీ లాసన్. ఈ పేరు ఇంకా చాలామందికి తెలియాలి. ఆయన లేకపోతే మన చిన్నతనంలో క్యాసెట్లు మార్చుకోవడానికి పక్కింటి గేటు తట్టే పనే ఉండేది కాదు.

చూసేది తుపాకీ

మా ఊళ్ళో వీడియో గేమ్ షాపులో అరగంటకింత అని లెక్క. అక్కడున్నవి దాదాపు అన్నీ నింటెండో వాళ్ళ ఫామికామ్‌కి నకళ్ళు. ఫామికామ్ జపాన్‌లో 1983 జులై 15న విడుదలైంది. అమెరికాలో దాన్నే ఎన్‌ఈఎస్ అన్నారు. రెండూ కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి. నకళ్ళ లెక్క మాత్రం ఇందులో లేదు. మన ఊళ్ళకు చేరినవాటిలో చాలా భాగం ఆ నకళ్ళే. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ గన్ను వచ్చేది. బాతుల ఆట, అంటే డక్ హంట్, దానితోనే ఆడేవాళ్ళం.

గన్నులోంచి ఏదో కిరణం వెళ్లి టీవీలో బాతుకి తగులుతుందని నేను పదిహేనేళ్లొచ్చేదాకా నమ్మాను. నిజం అందుకు పూర్తిగా తలకిందులు. ఆ గన్నులోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టం చివర ఉన్నది ఒక కన్ను, వెలుతురును పసిగట్టే చిన్న పరికరం. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం పూర్తిగా నల్లబడుతుంది. ఆ వెంటనే బాతు ఉన్న చోట ఒక తెల్లటి చదరం మెరుస్తుంది. గన్నుకి ముందు చీకటి, తరువాత వెలుతురు కనిపిస్తే బాతు పడినట్టు. రెండు బాతులుంటే ఒకదాని తరువాత ఒకటిగా రెండు చదరాలు మెరుస్తాయి. ఏ మెరుపు దొరికితే ఆ బాతు పడుతుంది. ముందుగా నలుపు చూపించడం దేనికంటే, ఎవరైనా గడుగ్గాయి గన్నును ట్యూబులైటు వైపు తిప్పి కాల్చితే పట్టుకోవడానికి. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు జరిగిపోతుంది. జాగ్రత్తగా చూస్తే ఒక చిన్న అదురులా కనిపిస్తుంది. చిన్నప్పుడు అది గుండు పేలిన మెరుపనుకున్నాను.

ఇప్పటి పలచటి టీవీల ముందు ఆ గన్ను గుడ్డిది. పాత పిక్చర్ ట్యూబు గీతలు గీసే తీరుకూ, ఆ వేగానికీ లెక్కగట్టి చేసింది కాబట్టి, కాస్త ఆలస్యంగా బొమ్మ చూపే కొత్త తెర దానికి అర్థం కాదు. మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా మూలన కూర్చుని ఉందంటే ఆ గన్ను కోసమే. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లు ఎన్ని వచ్చినా దాన్ని ఇవ్వలేదు.

క్యాసెట్ పనిచెయ్యకపోతే ఊదడం దేశదేశాల పిల్లలు చేసిన వైద్యమే. ఊదితే బాగయ్యేది దుమ్ము పోయి కాదు, తీసి మళ్ళీ పెట్టడంతో పిన్నులు సరిగ్గా కూర్చోవడం వల్ల. నోటి తడి ఆ రాగి కాళ్ళను తినేస్తుంది. ఇప్పుడు నేను చెవి పుల్లకి కాస్త స్పిరిట్ అద్ది ఒక్కో పిన్నూ తుడుస్తాను. ఆ పుల్ల నల్లబడి వచ్చినప్పుడు కలిగే తృప్తి వేరు.

మేఘమే పొద

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం, ఎనిమిది లోకాలు, 32 దశలు, పాటలు, తాబేళ్ళు, కోటలు, అన్నీ కలిపి 40 కిలోబైట్లు. ఫోనులో తీసిన ఒక్క ఫోటోకి దానికంటే ఎన్నో రెట్లు చోటు కావాలి. అంత ఇరుకులో ఎలా పట్టించారో తెలియాలంటే ఆకాశంలో మేఘాన్ని, నేల మీద పొదను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే బొమ్మ. ఒకదానికి తెలుపు, రెండోదానికి ఆకుపచ్చ పూశారు. పాత చీరను లంగా ఓణీగా కుట్టే అమ్మ చేతి పొదుపు ఇది. ఏళ్ళ తరబడి ఆడి కూడా నేనిది కనిపెట్టలేదు. తెలిసిన రోజు మళ్ళీ మొదటి దశ పెట్టుకుని, ఆడకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాను.

కాంట్రా ఆడినవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఎక్కాల కంటే గట్టిగా గుర్తున్న ఈ వరస కొడితే 30 లైఫులు వచ్చేవి. దీన్ని పెట్టింది కొనామి సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రాడియస్ ఆటను ఫామికామ్‌కి మలిచేటప్పుడు, పరీక్షించడానికి ఆడబోతే తనకే కొరుకుడు పడక ఈ దొడ్డిదారి పెట్టుకున్నాడు. అది ఆటలోనే ఉండిపోయింది. తరువాత మరెన్నో ఆటల్లోకి వెళ్లింది.

ఫామికామ్ గురించి నన్ను కదిలించే సంగతి వేరే ఉంది. పాడైన మెషిన్లను నింటెండో సంస్థ జపాన్‌లో 2007 అక్టోబరు దాకా రిపేరు చేసి ఇచ్చింది. అంటే 24 ఏళ్ళు. విడిభాగాలు దొరక్క ఆపేశారు. ఇప్పుడు ఏ వస్తువుకి అంత ఆదరణ ఉంది?

పెన్సిల్ సెల్లు గెలిచిన పందెం

చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ల కథలో నాకు గురువు గున్‌పే యోకోయి. బుల్లెట్ రైల్లో విసుగ్గా కూర్చుని క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటున్న ఒక ఉద్యోగిని చూసి, గడియారం సైజులో ఆట చేద్దామనుకున్నాడాయన. 1980లో గేమ్ అండ్ వాచ్ అలా పుట్టింది. క్యాలిక్యులేటర్ల పోటీ వల్ల చిన్న తెరలు అప్పటికే చవకైపోయాయి. పాతబడి చవకైన సాంకేతికతను కొత్త పనికి వాడు, ఇదే ఆయన సూత్రం. 1982లో డాంకీ కాంగ్ ఆటకి ఆయన పెట్టిన ప్లస్ ఆకారపు బటన్ ఇప్పటికీ దాదాపు ప్రతి రిమోట్ మీదా ఎడమ బొటనవేలి కింద ఉంది.

1989లో గేమ్ బాయ్ వచ్చింది. తెరకి రంగులు లేవు, ఆకుపచ్చలో నాలుగు ఛాయలు. వెనక లైటు లేదు. అడ్డం 160 చుక్కలు, నిలువు 144. పోటీగా వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రెండిటికీ రంగులున్నాయి, వెలుగుంది. కానీ గేమ్ గేర్‌కి ఆరు పెన్సిల్ సెల్లు కావాలి. అవి మూడు నుంచి అయిదు గంటలు వచ్చేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో పదిహేను గంటలు దాటి నడిచేది. జేబులో చిల్లర లెక్కపెట్టుకునే పిల్లలకు ఏది కావాలో వేరే చెప్పాలా? గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. యోకోయి 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన చివరి మెషిన్ వండర్‌స్వాన్ 1999లో వచ్చింది. ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో 30 గంటలు దాటి నడిచింది.

గేమ్ బాయ్ వెళ్ళిన చోట్లు కూడా తక్కువేం కాదు. 1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ దాన్ని మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లి టెట్రిస్ ఆడాడు. గల్ఫ్ యుద్ధంలో బాంబు పడి కాలిన సైనిక శిబిరంలో దొరికిన గేమ్ బాయ్ ఒకటుంది. ముఖం అంతా కరిగి బుడగలు కట్టింది. అయినా పనిచేసింది. న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ళ తరబడి టెట్రిస్ ఆడుతూ అద్దాల వెనక ఉండేది. 2020లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు బ్యాటరీయే లేని గేమ్ బాయ్ చేసి చూపించారు. ఎండ నుంచి కొంత, బటన్ నొక్కిన వేళ్ళ బలం నుంచి కొంత కరెంటు తీసుకుని నడుస్తుంది. యోకోయి చూసి ఉంటే ఎంత మురిసేవాడో!

గోతిలో ఒకటి, గాజు పెట్టెలో ఒకటి

1982లో అటారీ కోసం ఈటీ సినిమా ఆటను హోవార్డ్ స్కాట్ వార్షా అయిదు వారాల్లో తయారుచెయ్యాల్సి వచ్చింది. ఆట తేలిపోయింది. అమ్ముడుపోని క్యాసెట్లను ఇంకా ఎన్నో సరుకులతో కలిపి 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తగుంటలో పాతిపెట్టారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి తీశారు. ముప్ఫై ఏళ్ళు మట్టిలో ఉన్న ఆ క్యాసెట్లలో ఒకటి ఇప్పుడు స్మిత్‌సోనియన్‌లో ఉంది, రాల్ఫ్ బేర్ బ్రౌన్ బాక్స్ ఉన్న సంస్థలోనే.

2021 జులైలో సీలు తియ్యని సూపర్ మారియో 64 క్యాసెట్ ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ వార్త చదివి నేను సంతోషించలేకపోయాను. ఆ క్యాసెట్ ఏ మెషిన్‌లోనూ ఒక్కసారి దూరలేదు. ఏ పిల్లా దాన్ని తుడవలేదు, ఊదలేదు, తమ్ముడితో దాని కోసం కొట్లాడలేదు.

హైదరాబాదు నుంచి హనుమంతుడు

ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన ఇంటి గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 2. 2000 మార్చిలో వచ్చింది, 16 కోట్లు దాటింది. దానికి తెలుగునేలతో చుట్టరికం ఉంది. భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా పేరొచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో వచ్చింది, చేసింది హైదరాబాదు సంస్థ అరోనా టెక్నాలజీస్. అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర దేశీ అడ్డా అనే ఆట చేసింది. అందులో కబడ్డీ ఉంది, గాలిపటాలున్నాయి, మన బిళ్ళంగోడు ఉంది. ఆటలుగా అవి ప్రపంచాన్ని ఊపేసినవని చెప్పను. కానీ విదేశీ మెషిన్ రిమోట్ పట్టుకుని బిళ్ళను గాల్లోకి లేపుతుంటే కలిగిన గర్వం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

34 ఏళ్ళకు ఆగిన ఆట

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే పెద్ద రికార్డు ఒక పిల్లవాడిది. మాస్కోలో 1984లో అలెక్సీ పజిట్నోవ్ రాసిన టెట్రిస్ 1989లో ఎన్‌ఈఎస్‌కి వచ్చింది. 29వ లెవెల్లో ముక్కలు ఎంత వేగంగా పడతాయంటే, బటన్ నొక్కి పట్టుకుంటే గోడ దాకా చేరవు. అక్కడితో ఆట అయిపోయినట్టేనని లోకం ఒప్పేసుకుంది. తరువాత కొత్త తరం పిల్లలు ఒక పట్టు కనిపెట్టారు: ఒక వేలు బటన్ మీద ఆనించి ఉంచి, రిమోట్ వీపు మీద రెండో చేతి వేళ్ళతో మృదంగం వాయించినట్టు దరువు వెయ్యడం. ఒక్కో దరువూ ఒక్కో నొక్కు. 2023 డిసెంబరు 21న అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన 13 ఏళ్ళ బాలుడు ఈ పద్ధతిలో 157వ లెవెల్ దాకా వెళ్ళాడు. అక్కడ స్కోరు కూడే లెక్కను మెషిన్ సమయానికి పూర్తి చెయ్యలేక ఆట గడ్డకట్టింది. 34 ఏళ్ళలో ఆ ఆటను అలసిపోయేలా చేసిన తొలి మనిషి వాడే. గడ్డకట్టిన తెరను చూస్తూ, ఊపిరి అందక తల పట్టుకున్న ఆ పిల్లవాడి వీడియోను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మా ఇంట్లో ఈ ఆటకి రికార్డు మాత్రం మా అమ్మది. తిరునాళ్ళలో కొన్న బ్రిక్ గేమ్, రెండు పెన్సిల్ సెల్లది. అన్నాలయ్యాక మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని ఆడేది. మమ్మల్ని నోట్ చెయ్యమనేది కాదు, తనే లేచి వెళ్ళి గోడ క్యాలెండర్లో ఆ రోజు గడిలో, పాల లెక్క పక్కన, స్కోరు రాసుకునేది. ఆ క్యాలెండర్ ఇప్పుడు నా క్యాసెట్ల పెట్టెలో ఉంది. ఆగస్టు 14వ తేదీ గడిలో పాలు లీటరున్నర, 38,700.