జాక్ వాట్స్: నిలకడ లేని ప్లేయరా, నిలబడనివ్వని టీమా?

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా బావ. మా అక్కా బావా మెల్‌బోర్న్‌లో ఉంటారు. క్రికెట్ తప్ప ఇంకో ఆట మొహం చూడని మనిషి, అక్కడ ఆఫీసువాళ్లతో ఒక్కసారి ఎంసీజీకి వెళ్లి ఫుటీ మ్యాచ్ చూశాడు. అంతే, మెల్‌బోర్న్ డీమన్స్ టీమ్‌కి పడిపోయాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు, "మీ టీమ్‌లో అందరికన్నా టాలెంట్ ఉన్నోడు ఎవరు బావా?" అని ఊరికే అడిగా. "టాలెంట్ అంటే జాక్ వాట్స్ రా. కానీ ఆ పేరెత్తితే మా ఆఫీసులో లంచ్ మొత్తం గొడవే" అన్నాడు. రెండు గంటలు ఆ గొడవంతా నాకు చెప్పాడు. ఆడటం మానేసి ఏళ్లయిన మనిషి గురించి ఇంకా కొట్టుకుంటున్నారంటే ఏదో విషయం ఉంది కదా, అందుకే ఈ ఎపిసోడ్.

ఆట తెలియనివాళ్లకి ఒక్క నిమిషంలో చెప్పేస్తా. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, ముద్దుగా ఫుటీ. టీమ్‌కి 18 మంది. క్రికెట్ గ్రౌండ్‌లాంటి గుండ్రటి మైదానం, కోడిగుడ్డు ఆకారంలో బంతి. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తంతే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 1 పాయింటే. ఇక డ్రాఫ్ట్. కుర్రాళ్లకి వేలం ఉండదు. పోయిన సీజన్‌లో ఆఖరున ఉన్న టీమ్‌కి మొదట ఎంచుకునే అవకాశం ఇస్తారు. చెత్తగా ఆడిన టీమ్‌కి బెస్ట్ కుర్రాడు అన్నమాట. ఈ ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

2008లో మెల్‌బోర్న్ గెలిచింది మూడే మూడు మ్యాచ్‌లు, అందరికంటే ఆఖరి స్థానం. డ్రాఫ్ట్‌లో నంబర్ 1గా జాక్ వాట్స్‌ని తీసుకున్నారు. ఆరడుగుల అయిదంగుళాల పొడుగు, అంత పొడుగున్నోడికి ఉండని వేగం, రెండు కాళ్లతోనూ అందంగా తన్నగలడు. ఫ్యాన్స్‌కి దేవుడు దిగొచ్చినట్టే అనిపించింది.

2009 జూన్‌లో రాణి పుట్టినరోజు సెలవు నాడు కాలింగ్‌వుడ్‌తో మ్యాచ్. మనకి ఇండియా–పాకిస్తాన్ ఎలాగో, మెల్‌బోర్న్ వాళ్ల క్యాలెండర్‌లో ఆ మ్యాచ్ అలా. ఆ రోజు వాట్స్‌ని మొదటిసారి దింపారు. వయసు 18, ఇంకా స్కూల్ పూర్తి కాలేదు, ఒంటి మీద కండ కూడా సరిగ్గా పట్టలేదు. బంతి చేతికొచ్చిన మొదటి క్షణంలోనే కాలింగ్‌వుడ్ వాళ్లు గుంపుగా మీద పడి నలిపేశారు. ఆ వీడియో చూస్తే నాకు కడుపులో ఏదోలా అయింది. స్టేడియంలో సగం మంది మాత్రం కేకలు వేస్తూ నవ్వుతున్నారు. తర్వాత ఏళ్ల తరబడి వాట్స్ ఎప్పుడు తడబడినా జనానికి ముందు గుర్తొచ్చింది ఆ సీనే.

ఇక గొడవకి వద్దాం. ఒక వర్గం ఏమంటుందంటే: ఈ వారం ఆట చూస్తే లీగ్‌లోనే బెస్ట్ అనిపిస్తాడు, వచ్చే వారం గ్రౌండ్‌లో ఉన్నాడో లేడో తెలీదు. ఒళ్లు తగిలే చోటికి పోడు. పైగా అదే డ్రాఫ్ట్‌లో నంబర్ 2గా వెస్ట్ కోస్ట్‌కి వెళ్లిన నిక్ నైటానూయి మూడుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ టీమ్‌లో ఉన్నాడు, మనం తప్పు కుర్రాణ్ణి తీసుకున్నాం.

నైటానూయి పాయింట్ విన్నప్పుడు నేనూ తలూపా. కానీ అతను ఏ టీమ్‌లో అడుగుపెట్టాడో చూడండి. అక్కడ డీన్ కాక్స్ ఉన్నాడు, 2006లో కప్పు గెలిచినవాడు, అదే పొజిషన్‌లో ఆ తరం దిగ్గజం. కుర్రాడు ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. వాట్స్ పక్కన ఎవరున్నారు? 2009లోనూ మెల్‌బోర్న్‌దే ఆఖరి స్థానం. 2011 జులైలో గీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడారు. స్కోర్ 233–47. కోచ్ డీన్ బెయిలీ ఉద్యోగం ఊడింది. తర్వాత మార్క్ నీల్డ్ వచ్చాడు, 2013 మధ్యలో ఆయన్నీ తీసేశారు. తర్వాత పాల్ రూస్, ఆ తర్వాత సైమన్ గుడ్విన్. మధ్యలో వచ్చిన తాత్కాలిక కోచ్‌లని కలిపితే వాట్స్ ఆ క్లబ్‌లో తొమ్మిది సీజన్లలో ఆరుగురి కింద ఆడాడు. ఒకరు ముందుకెళ్లి గోల్స్ కొట్టమంటారు, ఒకరు వెనక డిఫెన్స్ చూడమంటారు, ఇంకొకరు పక్క నుంచి పరిగెత్తమంటారు.

ఆ లిస్ట్ నోట్ చేసుకుంటున్నప్పుడు నా సొంత గొడవ గుర్తొచ్చింది. బీటెక్ అయ్యాక చేరిన కంపెనీలో ట్రైనింగ్ బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చా. అందుకని సీనియర్లు అందరూ పేపర్లు పెట్టి పోయిన ప్రాజెక్ట్‌లో వేశారు. రెండేళ్లలో నలుగురు మేనేజర్లు. ఒకరు టెస్టింగ్, ఒకరు బ్యాకెండ్, ఒకరు రాత్రి పన్నెండింటికి క్లయింట్ కాల్స్. చివరికి అప్రైజల్‌లో రాసింది ఏంటో తెలుసా? ప్రతిభ ఉంది, నిలకడ లేదు. ఆ లైన్ చదివి నేను పడ్డ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. అందులో ఆఖరి ఆరు నెలలు నేను నిజంగానే చేతులెత్తేశా. అది మేనేజర్ల తప్పు కాదు, నాదే.

వాట్స్ విషయంలోనూ ఆ రెండో భాగం ఉంది. ఫార్వర్డ్ అంటే బంతి కోసం ఎదురుచూసే ఉద్యోగం. మధ్యలో ఆడేవాళ్లు బంతి గెలిచి ముందుకి పంపితేనే అతనికి పని. 2013లో మెల్‌బోర్న్ గెలిచింది రెండు మ్యాచ్‌లు. అలాంటి టీమ్‌లో ఫార్వర్డ్‌కి నిలకడ ఎక్కడ నుంచి వస్తుంది? ఇది వాట్స్ వైపు వాళ్ల వాదన, నాకు చాలావరకు సరైందే అనిపిస్తుంది. కానీ 2016కల్లా టీమ్ బాగుపడింది, అతనూ ఆ ఏడాది 38 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది అదే కాలింగ్‌వుడ్‌తో, అదే సెలవు రోజున, చివరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టాడు, మెల్‌బోర్న్ 4 పాయింట్లతో గెలిచింది. ఎనిమిదేళ్ల కిందట నలిగిపోయిన చోటే! సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది. కానీ ఆ తర్వాత ఫామ్ జారింది, ఫిట్‌నెస్, ప్రిపరేషన్ మీద క్లబ్‌కి అసంతృప్తి. కాంట్రాక్ట్ ఉండగానే వేరే చోటు చూసుకోమన్నారు. 2017 చివర్లో పోర్ట్ అడిలైడ్‌కి పంపేశారు. అప్పటికి కోచ్ మంచోడే, టీమూ మంచిదే. కాబట్టి ఆ ఒక్క ఏడాదికి సాకులు నేను వెతకను.

పోర్ట్‌లో 21 మ్యాచ్‌లు ఆడాడు. 2019లో కాలు విరిగింది, అదే ఏడాది రిటైర్ అయ్యాడు. వయసు 28. మొత్తం 174 మ్యాచ్‌లు. ఇక్కడ ఒక మాట. 174 మ్యాచ్‌లు చిన్న విషయం కాదు. డ్రాఫ్ట్‌లో 40వ నంబర్‌గా వచ్చినోడు ఇంత ఆడితే క్లబ్‌వాళ్లు సన్మానం చేస్తారు. నంబర్ 1 అని ముద్రపడింది కాబట్టే ఫెయిల్యూర్ అంటున్నారు. మరి ఆ నంబర్ ఇచ్చింది అతను కాదు కదా.

ఇక బావ ఆఫీసులో గొడవ మళ్లీ రాజుకునే పాయింట్. వాట్స్‌ని ఇచ్చినందుకు మెల్‌బోర్న్‌కి దక్కింది డ్రాఫ్ట్‌లో 31వ నంబర్. దాంతో బేలీ ఫ్రిచ్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. దాదాపు 21 ఏళ్లు, అప్పటికే వీఎఫ్‌ఎల్ అనే కింది లీగ్‌లో పెద్దవాళ్లతో తన్నులు తిని, తన్ని రాటుదేలాడు. స్కూల్ బెంచ్ మీద నుంచి రాలేదు. వచ్చిన టీమ్ కూడా ఆఖరి స్థానంలో లేదు. 2021 గ్రాండ్ ఫైనల్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ మీద అతను ఒక్కడే 6 గోల్స్ కొట్టాడు. 1964 తర్వాత మెల్‌బోర్న్‌కి అదే మొదటి కప్పు.

"చూశావా, వాట్స్‌ని అమ్మితేనే కప్పొచ్చింది" అంటుంది ఒక బ్యాచ్. "ఫ్రిచ్‌కి ఇచ్చిన టైమ్ వాట్స్‌కి ఇచ్చి ఉంటే?" అంటుంది ఇంకో బ్యాచ్. నేను రెండో బ్యాచ్. బావ ఏ బ్యాచ్ అని అడిగా. ఆ ఫైనల్ పెర్త్‌లో జరిగింది, మెల్‌బోర్న్‌లో లాక్‌డౌన్, బావ ఇంట్లో సోఫాలో కూర్చుని చూశాడు. ఫ్రిచ్ ఆరో గోల్ కొట్టగానే గెంతాడట. ఆఖరి సైరన్ మోగాక ఆఫీస్ గ్రూప్‌లో మొదటి మెసేజ్ కూడా తనే పెట్టాడట: "జాక్ కూడా ఉండాల్సింది."

మళ్లీ గొడవ మొదలైందట.