పదో రోజు జ్వరం

కీమోథెరపీ మొదలైన రోజు చుట్టాలంతా ఫోన్లు చేస్తారు. పదో రోజుకి ఆ ఫోన్లు తగ్గిపోతాయి. భార్యకో భర్తకో చికిత్స చేయిస్తున్న మనిషి ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది మాత్రం ఆ పదో రోజు ప్రాంతంలోనే.

కారణం ఎముక మజ్జలో ఉంది. కీమో మందులు చాలావరకు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతోపాటు జుట్టు కుదుళ్లు, నోటిలోని, పేగుల్లోని లోపలి పొర, రక్తకణాలను పుట్టించే మజ్జ కూడా ఆ దెబ్బ తింటాయి. వాంతులు మొదటి నాలుగైదు రోజుల్లోనే తెలుస్తాయి. జుట్టు రెండు మూడు వారాలకు రాలుతుంది. మజ్జకు తగిలిన దెబ్బ కంటికి కనిపించదు. సూక్ష్మజీవులను ఎదిరించే న్యూట్రోఫిల్ కణాల ఆయుష్షు చాలా తక్కువ. పాతవి పోయి కొత్తవి రాకపోవడంతో, చాలా మందుల విషయంలో 7 నుంచి 14 రోజుల మధ్య వాటి సంఖ్య అడుగంటుతుంది. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కన్నా తగ్గితే ఒంట్లో ఎప్పుడూ ఉండే బాక్టీరియా కూడా ప్రాణం మీదికి తెస్తుంది. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. అందుకే చాలాసార్లు జ్వరం తప్ప మరో ఆనవాలు ఉండదు.

థర్మామీటరు 100.4 ఫారన్‌హీట్ చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేస్తే జ్వరం దిగి, అసలు ప్రమాదం మరుగున పడుతుంది. చికిత్స జరిగేది విజయవాడలోనో గుంటూరులోనో. జ్వరం వచ్చేది బందరు (మచిలీపట్నం) చిలకలపూడిలో. అక్కడి నుంచి విజయవాడకు దాదాపు 70 కిలోమీటర్లు. ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అర్ధరాత్రి ఎవరి కారు దొరుకుతుంది, యాంటిబయాటిక్ ఇంజెక్షన్ బందరులోనే మొదలుపెట్టించవచ్చా అన్నవి మొదటి కీమోకు ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాల్సిన సంగతులు. ఆ పదో రోజు ప్రాంతం కార్తీక మాసంలో పడితే చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాల రద్దీకి రోగి దూరంగా ఉండటమే మంచిది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే గదిలో పడుకోవచ్చు, కలిసి భోంచేయవచ్చు. జలుబు చేసిన చుట్టాన్ని మాత్రం మొహమాటపడకుండా గుమ్మంలోనే ఆపేయాలి.

ఒక నోటుబుక్కు కూడా కావాలి. అందులో ఏ రోజు ఏ బాధ, ఎన్ని వాంతులు, ఎంత జ్వరం అన్నది రాసిపెట్టాలి. ఇదేదో చాదస్తంలా కనిపించవచ్చు, కానీ కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 766 మంది రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటరులో నమోదు చేసి నర్సులకు తెలియజేసినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు. మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిది 26 నెలలు.

కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు పేరు తెచ్చుకున్నది ఆ ఆసుపత్రిలోనే. అదే జిల్లా నిమ్మకూరు నుంచి ముఖ్యమంత్రి పదవి దాకా ఎదిగిన ఎన్.టి.రామారావు భార్య బసవతారకానికి ఆయనే వైద్యం చేశారు. 1985లో ఆమె కన్నుమూశారు. ఆమె పేరిట హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. అప్పటికి ఎన్టీఆర్ కూడా లేరు. బసవతారకం జబ్బుపడిన కాలంలో ముఖ్యమంత్రి భార్య కూడా వైద్యం కోసం న్యూయార్క్ వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు అర్హత ఉన్న కుటుంబం ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆంధ్రప్రదేశ్‌లోనే కీమో చేయించుకోగలుగుతోంది.

తోడు విలువ ఎంతో లెక్కకట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 7 లక్షలకు పైగా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వివాహితులు క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు తక్కినవారికంటే 20 శాతం తక్కువగా తేలింది. ఆ లాభం ఆడవాళ్లకన్నా మగవాళ్లకే ఎక్కువ. ఎందుకని అడిగితే మన ఇళ్లల్లో జవాబు వెతుక్కోవాల్సిన పని లేదు!

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు పొదిగే చేతులకు మరో సమస్య ఉంది. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ వంటి మందులు నరాల చివరలను దెబ్బతీస్తాయి. వేళ్ల కొనలు తిమ్మిరెక్కి చిన్న రాయి పట్టుకు చిక్కదు, జాకెట్టు హుక్కు పడదు. రోగి దీన్ని నీరసం కింద జమకట్టి ఊరుకోవచ్చు. పక్కనున్న మనిషి గమనించి తర్వాతి విడత కీమోకు ముందే డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆలోచిస్తారు. ఆలస్యం చేస్తే చికిత్స ముగిశాక కూడా ఆ తిమ్మిరి నెలల తరబడి వదలకపోవచ్చు.