ముందు చూశారు, తొట్లకొండ దక్కింది

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రపు దారిలో, మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉంది. నీటి నిల్వకు రాతిలో తొలిచిన తొట్ల వల్ల కొండకు ఆ పేరు వచ్చింది.

1976లో నౌకాదళం వారు స్థావరం కోసం ఈ ప్రాంతాన్ని విమానం మీద నుంచి సర్వే చేయగా కొండపై పాత కట్టడాల జాడ కనిపించింది. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ వారు తవ్వకాలు జరిపారు. మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల బయటపడ్డాయి. బ్రాహ్మీ లిపి శాసనాలు, సాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. రెండువేల ఏళ్ల క్రితమే ఈ తీరానికి పైదేశాలతో వర్తకం ఉండేదని వాటివల్ల తెలిసింది.

ఇలాంటి చోట ఒక్కసారిగా కొండంతా తవ్వరు. తాళ్లు కట్టి గళ్లు గీసి, ముందు కొద్దిచోట్ల కందకాలు తీసి చూస్తారు. మట్టిని పొరలు పొరలుగా తీసి, ఏ పొరలో ఏ పెంకు దొరికిందో రాసుకుంటారు. సాధారణంగా కింది పొర పాతది, పై పొర కొత్తది. పొరలు కలగలిసిపోతే కాలం తెలుసుకోవడం కష్టం. బుల్డోజరు నడిస్తే జరిగేది అదే.

కొండవాలును చదును చేసేటప్పుడు పెద్ద ఇటుకలు, రాతగల రాళ్లు, పాత కుండపెంకులు గుంపుగా కనిపిస్తే పని ఆపి తహసీల్దారుకు చెప్పడం మంచిది. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. నాలుగు రోజులు ఆగితే ఇల్లు ఆలస్యమవుతుందేమో గాని, చెదిరిన ఊరి చరిత్ర మాత్రం తిరిగి రాదు.