నీలం రాకపోతే పిండి అరిగినట్టేనా?

పదో తరగతి సైన్స్‌లో ‘జీవ ప్రక్రియలు’ పాఠంలో ఒక చిన్న ప్రయోగం ఉంది. రెండు పరీక్షనాళికల్లో ఒక్కో మిల్లీలీటరు 1 శాతం పిండి ద్రావణం పోయాలి. ఒకదాంట్లో ఒక మిల్లీలీటరు లాలాజలం కలపాలి. 20–30 నిమిషాలు ఆగి, రెండింట్లోనూ అయోడిన్ చుక్కలు వెయ్యాలి. పిండి ఉంటే ముదురు నీలం వస్తుంది. లాలాజలంలోని ఎమైలేజ్ పిండిని మాల్టోజ్‌గా విడగొట్టేస్తే నీలం రాదు.

కానీ నీలం రాకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. ద్రావణానికి బదులు పొయ్యి మీంచి దించిన గంజి వాడారనుకోండి. వేడిగా ఉన్నంతసేపూ పిండి ఉన్నా అయోడిన్ రంగు నిలవదు. చల్లారితే నీలం మళ్ళీ కనిపిస్తుంది. అంత వేడిలో ఉమ్మి కలిపితే ఎంజైమే పాడవుతుంది. కాబట్టి గంజి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి.

ఉసిరికాయ కొరికి వచ్చిన పిల్లవాడి ఉమ్మిలో విటమిన్ సి ఉండొచ్చు. అది అయోడిన్‌ను రంగులేని అయోడైడ్‌గా మార్చేస్తుంది. పిండి అలాగే ఉన్నా నీలం రాదు, అరిగిపోయిందని రాసేస్తాం. దీన్ని పట్టుకోవడం తేలికే. మరికొన్ని చుక్కల అయోడిన్ వేసి చూడాలి. విటమిన్ సి ఖర్చయిపోయాక నీలం బయటపడితే పిండి మిగిలే ఉంది. ఎంతకీ రాకపోతే నిజంగానే అరిగింది. అసలు ముందే నోరు పుక్కిలించి కాసేపు ఆగితే ఈ గొడవే ఉండదు.

రెండో నాళికలో ఏమీ కలపకపోవడమూ లోపమే. మొదటిదాంట్లో పిండి సగానికి పలచబడింది, దీంట్లో పలచబడలేదు. అందుకే దీంట్లో మిల్లీలీటరు నీళ్లు, లేదా మరిగించి చల్లార్చిన ఉమ్మి పోయాలి. మరిగించిన ఉమ్మి మరీ మేలు. అప్పుడు రెండు నాళికల మధ్య తేడా పని చేసే ఎంజైమ్ ఒక్కటే అవుతుంది.

ఇక వాతావరణం. ఈ ఎంజైమ్ ఒంటి వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, చురుగ్గా ఉంటుంది. జనవరి పొద్దున్న సీతంపేట కొండల్లోని బడిలో చేసినప్పటి వేగం, ఏప్రిల్‌లో ఒంటిపూట బడి విడిచే వేళ విజయనగరంలో ఉండే వేగం ఒకటి కావు. అరగంట ఆగి ఒక్కసారే చూస్తే ఈ తేడా కనపడకపోవచ్చు, రెండుచోట్లా అప్పటికే పిండి అయిపోయి ఉండొచ్చు. రెండేసి నిమిషాలకోసారి ఒక్కో చుక్క తీసి, తెల్లటి పలక మీద వరసగా పెట్టిన అయోడిన్ చుక్కల్లో కలిపి చూస్తే నీలం ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. ఉమ్మి మాత్రం అన్ని నాళికలకూ ఒకరిదే కావాలి, ఎందుకంటే ఎమైలేజ్ మోతాదు మనిషికీ మనిషికీ చాలా మారుతుంది.

రంగును కంటితో అంచనా కట్టడమూ చిక్కే. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. అక్కడా నీలం రంగే ఆధారం. అయితే పరిమాణం ముందే తెలిసిన నమూనా రంగుతో పోల్చి చూస్తారు. బడిలోనూ పిండిని రకరకాలుగా పలచన చేసి, అయోడిన్ వేసి, వరసగా నిలబెడితే అలాంటి కొలబద్ద దొరుకుతుంది.

రికార్డు పుస్తకంలో చాలామంది ‘మానవ తప్పిదం’ అని రాసి వదిలేస్తారు. దానివల్ల తెలిసేదేమీ లేదు. తప్పు ఎక్కడ జరగొచ్చు, అది ఫలితాన్ని ఎటు మళ్ళిస్తుంది, దాన్ని ఎలా పరీక్షించాం అనే మూడూ రాస్తే, తర్వాత ఆ ప్రయోగం చేసేవాళ్లకు పనికొస్తుంది.