వేరు బుడిపెల్లో ఏముంది?

పోలవరం దగ్గర గోదావరి కొండలు దాటి బయటపడుతుంది. పైన కొండ ఊళ్ళలో జొన్నలో కంది కలిపి వేస్తారు. కింద మాగాణిలో సార్వా వరి కోతయ్యాక మినుము, పెసర పండిస్తారు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, తడి ఆరకుండా, నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. దుక్కి లేదు, దమ్ము లేదు. ఈ సంగతి మీకు కొత్త కాదు.

అలాంటి ఒక చేలో అత్తా కోడలూ కలుపు తీస్తున్నారనుకుందాం. కోడలి చేతికి కలుపుతోపాటు ఒక మినప మొక్క కూడా వచ్చేసింది. వేళ్ళు చూసి ఆమె కంగారు పడింది.

"అత్తయ్యా! ఇవేంటండీ? వేళ్ళకి ఆవగింజల్లా ఏవో పట్టుకున్నాయి. పురుగు గుడ్లు పెట్టిందేమో! మందు కొట్టించాలేమో!"

"మందెందుకే? మా అమ్మ చేలోనూ ఇలాగే ఉండేవి. మినుములేసిన మడిలో వరి ఊడిస్తే ఎరువు తక్కువ పట్టేది. ఎందుకో మాకెవరూ చెప్పలేదు."

"మీ అబ్బాయి అప్పు చేసైనా సరే ఈ చేనుకి యూరియా కట్ట తెస్తానంటున్నారు. తెమ్మందామా? వద్దందామా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ బుడిపెల్లోనే ఉంది. రండి, చూద్దాం.

గాలిలో ఉంది, నోటికి అందదు

మొక్క పచ్చగా ఎదగాలంటే నత్రజని కావాలి. మన చుట్టూ ఉన్న గాలిలో 100 పాళ్ళలో 78 పాళ్ళు నత్రజనే. కానీ మొక్క దాన్ని గాలిలోంచి నేరుగా తీసుకోలేదు. సముద్రం ఒడ్డునే కూర్చున్నా ఆ నీళ్ళు తాగలేం కదా, అలాగే.

ఎందుకంటే గాలిలో నత్రజని జంటలుగా ఉంటుంది. ఆ జంట చాలా గట్టిది. దాన్ని విడదీస్తేనే మొక్కకు తిండి. యూరియా తయారీ కోసం ఆ పని కర్మాగారాల్లో చేస్తారు. దానికి 400 డిగ్రీలకు పైగా వేడి కావాలి. మన ఎసరు మరగడానికి 100 డిగ్రీలు చాలు. వేడితోపాటు విపరీతమైన ఒత్తిడీ కావాలి. అంత ఖర్చు చేస్తే వచ్చేది 45 కిలోల కట్టలో 20 కిలోలకు పైగా నత్రజని.

అదే పని మినప వేరు మీద ఆవగింజంత బుడిపెలో జరుగుతుంది. మంట లేదు. పొగ లేదు. మట్టికి ఎంత వేడి ఉందో అంతే వేడి.

బుడిపెలో ఉన్నది ఎవరు?

బుడిపెలో సూక్ష్మజీవులు ఉంటాయి. కంటికి కనిపించనంత చిన్న ప్రాణులు. ఒక్క బుడిపెలో లక్షలకొద్దీ ఉంటాయి. 1888లో బైజరింక్ అనే హాలెండ్ శాస్త్రజ్ఞుడు వీటిని బుడిపెల్లోంచి తీసి పెంచి చూపించాడు. వీటికి రైజోబియం అని పేరు. ఇందులో చాలా జాతులున్నాయి.

మొక్క వాటికి చోటిస్తుంది. ఎండలో తయారు చేసుకున్న తీపి పదార్థంలోంచి తిండి పెడుతుంది. అవి గాలిలో నత్రజనిని విడదీసి మొక్కకు ఇస్తాయి. ఇది ఇచ్చిపుచ్చుకోవడం. ఎవరి తిండీ ఉచితం కాదు.

బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది పని చేస్తోందని అర్థం. ఆ ఎరుపు మన రక్తంలోని ఎరుపుకి చుట్టమే. రెండింటిలోనూ ఇనుము ఉంది. రెండూ ప్రాణవాయువును మోసేవే. నత్రజనిని విడదీసే పనిముట్టు ప్రాణవాయువు ఎక్కువైతే పాడైపోతుంది. అసలు లేకపోతే సూక్ష్మజీవి బతకదు. అందుకని ఆ ఎర్ర పదార్థం ప్రాణవాయువును కొలిచి కొలిచి అందిస్తుంది.

నాలుగు అక్షరాల భాష

ఇంత చిన్న ప్రాణికి ఇంత పని ఎవరు నేర్పారు? దాని జన్యువులు.

మనం 56 అక్షరాలు నేర్చుకున్నాం. అక్షరాలు కలిపి మాటలు, మాటలు కలిపి వాక్యాలు రాస్తున్నాం. ప్రతి ప్రాణిలోనూ ఒక రాత ఉంటుంది. ఆ రాతలో ఉన్నవి నాలుగే అక్షరాలు. వాటినే అటూ ఇటూ మార్చి రాసిన ఒక్కొక్క వాక్యమే ఒక్కొక్క జన్యువు అనుకోండి. "ఇది తయారు చెయ్యి", "ఇప్పుడు ఆపు" అని ఆ వాక్యాలు చెబుతాయి. తల్లి నుంచి పిల్లకు ఆ రాత నకలు అందుతుంది. నీ ముక్కు మీ నాన్న ముక్కులా ఉండడానికి కారణం అదే.

2002లో జపాన్ శాస్త్రజ్ఞులు సోయా చిక్కుడు వేళ్ళలో ఉండే సూక్ష్మజీవి రాతను మొత్తం చదివారు. అందులో 91 లక్షల అక్షరాలున్నాయి. జన్యువులు 8 వేలకు పైనే. రోజుకు వెయ్యి అక్షరాల చొప్పున చదివితే అది పూర్తి కావడానికి మనకు దాదాపు 25 ఏళ్ళు పడుతుంది!

పిలుపు, జవాబు

మొక్కా సూక్ష్మజీవీ ఎలా కలుస్తాయి? మట్టిలో రకరకాల సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. ఎవరిని పడితే వారిని ఇంట్లోకి రానిస్తే జబ్బు చేస్తుంది. అందుకని ముందు పిలుపు, తరవాత జవాబు.

మొదట వేరు ఒక పదార్థాన్ని మట్టిలోకి వదులుతుంది. అది పిలుపు. సరైన సూక్ష్మజీవికి ఆ పిలుపు తెలుస్తుంది. అప్పుడు దానిలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. వాటిని నాడ్ జన్యువులు అంటారు. బుడిపె పుట్టించే జన్యువులు అన్నమాట. అవి మరో పదార్థం తయారు చేయిస్తాయి. అదే జవాబు.

జవాబు సరిపోతే సన్నటి వేరు నూగు కొక్కెంలా వంగి సూక్ష్మజీవిని పట్టుకుంటుంది. లోపలికి దారి ఇస్తుంది. అక్కడ బుడిపె కడుతుంది. బుడిపెలో చేరాక సూక్ష్మజీవిలో ఇంకొన్ని జన్యువులు మేలుకుంటాయి. వాటి పేరు నిఫ్ జన్యువులు. నత్రజనిని విడదీసే పనిముట్టును తయారు చేసేవి అవే.

ఒక్కొక్క జాతి పిలుపు ఒక్కో తీరుగా ఉంటుంది. మినుము, పెసర, అలసంద, కంది, వేరుశనగ ఇవన్నీ దాదాపు ఒక కూటమి. ఒకదానితో కలిసే సూక్ష్మజీవి చాలావరకు మిగతావాటితోనూ కలుస్తుంది. శనగది వేరే జాతి. సోయా చిక్కుడుదీ వేరే. శనగ కోసం తయారు చేసిన పొడిని మినుముకు పట్టిస్తే డబ్బు దండగ.

పటాన్‌చెరులో పాలిపోయిన వేరుశనగ

మొక్క వైపు కూడా జన్యువులు ఉండాలి. ఈ సంగతి మన తెలుగు నేల మీదే బాగా రుజువైంది.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పరిశోధనా సంస్థ ఉంది. 1972లో ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద అక్కడ పరిశోధన చేస్తారు. 1970ల చివరలో అక్కడ రెండు వేరుశనగ రకాలను కలిపారు. రెండింటికీ వేళ్ళ నిండా బుడిపెలే. కానీ వాటి మనవల తరంలో కొన్ని మొక్కలు పాలిపోయాయి. పీకి చూస్తే వేళ్ళు నున్నగా ఉన్నాయి. ఒక్క బుడిపె లేదు!

ఎందుకిలా? తాతకు పిల్లికళ్ళు ఉంటాయి, కొడుక్కి ఉండవు, మనవడికి మళ్ళీ వస్తాయి. లోపం కూడా అలాగే లోపల దాగి వస్తుంది. ఆ వేరుశనగలో బుడిపె పుట్టడానికి రెండు జన్యువులున్నాయి. ఏ ఒక్కటి బాగున్నా బుడిపెలొస్తాయి. ఒక రకంలో ఒకటి చెడింది, రెండో రకంలో రెండోది చెడింది. అందుకే పైకి తెలియలేదు. మనవల్లో కొందరికి రెండూ చెడినవే వచ్చాయి. మట్టిలో సూక్ష్మజీవులున్నా ఆ మొక్కలు వాటిని లోపలికి తెచ్చుకోలేకపోయాయి.

1980ల్లో అక్కడే ఇంకో సంగతి తేలింది. ఎన్.సి. 92 అనే సూక్ష్మజీవి రకాన్ని పట్టిస్తే, మన సీమ రైతులు కదిరి-3 అనే పేరుతో పండించిన వేరుశనగ రకం మంచి దిగుబడి ఇచ్చింది. అన్ని రకాలతోనూ అంత ఫలితం రాలేదు. కాబట్టి మంచి విత్తనం ఒక్కటే చాలదు, మంచి సూక్ష్మజీవి ఒక్కటే చాలదు. జోడీ కుదరాలి.

రాత చేతులు మారుతుంది

మనం జన్యువులను అమ్మానాన్నల నుంచే తీసుకుంటాం. పక్కింటామె దగ్గర అరువు తీసుకోలేం. సూక్ష్మజీవులు తీసుకోగలవు!

న్యూజిలాండ్ దేశంలో పశువుల మేత కోసం లోటస్ అనే చిక్కుడు జాతి మొక్కను వేశారు. దానికి సరిపడే సూక్ష్మజీవి ఆ నేలలో లేదు. అందుకని విత్తనాలకు ఒకే ఒక రకం పట్టించారు. కొన్నేళ్ళ తరవాత బుడిపెలు తెరిచి చూస్తే, అందులో రకరకాల సూక్ష్మజీవులున్నాయి. అవి ముందు నుంచీ ఆ మట్టిలో ఉన్నవే. కానీ బుడిపె కట్టే జన్యువుల కట్ట మొత్తం వాటికి చేరిపోయింది. కొత్తగా వచ్చిన సూక్ష్మజీవి దగ్గరే అవి ఆ కట్టను అందుకున్నాయి. 1995లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

దీనివల్ల మనకు తెలిసేదేమిటి? మట్టి ఊరికే పడి ఉన్న దుమ్ము కాదు. అందులో ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతూనే ఉంటుంది. ఒకసారి మంచి రకం వేస్తే అది ఎప్పటికీ అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. బుడిపె కట్టడం వచ్చినా నత్రజని సరిగా ఇవ్వని బద్ధకపు రకాలూ మట్టిలో ఉంటాయి. వరి చేలో నెలల తరబడి నీళ్ళు నిలిస్తే గాలి ఆడక ఈ సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది. అందుకే విత్తనానికి రైజోబియం పట్టించమని వ్యవసాయ శాఖవారు చెబుతారు.

మన చేలో ఏం చెయ్యాలి?

విత్తనానికి పట్టించడం: 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగబెట్టాలి. పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా ఉంటే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. 8 కిలోల మినప విత్తనాలకు ఆ పాకం తడి పట్టించి, 200 గ్రాముల రైజోబియం పొడి కలపాలి. నీడలో ఆరబెట్టాలి. తెగులు మందు, పురుగు మందు కూడా పట్టించేటట్టయితే ముందు వాటిని పట్టించాలి. రైజోబియం ఆఖరున.

పొట్లం కొనడం: దాని మీద గడువు తేదీ రాసి ఉంటుంది. ఏ పంటకో కూడా రాసి ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివే కొనండి. అందులో ఉన్నవి ప్రాణులు. గడువు దాటితే, ఎండలో పెట్టి ఉంచితే అది ఉత్త మట్టి. పొట్లం పక్కన యూరియా పెట్టొద్దు.

చూసుకోవడం: నాటిన 30, 35 రోజులకు చేలో నాలుగైదు చోట్ల ఒక్కో మొక్కను మట్టితో సహా తవ్వి తీయండి. వేళ్ళు కడిగి బుడిపెలు చీల్చి చూడండి. ఎరుపు మంచిది. తెలుపు, ఆకుపచ్చ అయితే పని జరగడం లేదు. కాయ ముదిరే వేళకు బుడిపెలు ఎండిపోవడం మామూలే.

ఒక జాగ్రత్త: నులిపురుగులు పట్టినా వేళ్ళకు బుడిపెలొస్తాయి. మంచి బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది. వేలితో నలిపితే సులువుగా ఊడుతుంది. నులిపురుగు బుడిపె అయితే వేరే ఉబ్బిపోతుంది, ఊడదు.

కోసేటప్పుడు: మొక్కను పీకితే బుడిపెలూ వేళ్ళూ కళ్ళానికి పోతాయి. కొడవలితో కోస్తే అవి మడిలోనే మిగిలి కుళ్ళుతాయి. అయితే నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకే వెళ్తుంది. అదే మనం తినే పప్పులోని బలం. భూమికి బాగా ఇవ్వాలంటే జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నాలి. అవీ ఈ కుటుంబంవే.

అత్తా కోడలూ ఏం చేశారు?

ఇద్దరూ బుడిపెలు చీల్చి చూశారు. లోపల ఎర్రగా ఉంది.

"అయితే యూరియా వద్దా అత్తయ్యా?"

"ఈ చేనుకి వద్దే. ఇంట్లో వండిపెడుతుంటే పూటకూళ్ళింటికి డబ్బు కట్టడం దేనికి?"

అత్త మాట నిజమే. నత్రజని దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఎన్ని బుడిపెలుండాలో లెక్క చూసే జన్యువులు మొక్కలో ఉన్నాయి. యూరియా కట్ట వేస్తే అప్పూ మిగులుతుంది, ఉన్న పనివాళ్ళూ మానేస్తారు.

వరికి మాత్రం ఇలాంటి బుడిపెలు లేవు. దానికి నత్రజని బయటినుంచి అందించాల్సిందే. వరి వేళ్ళు ఒక రకం బూజుతో స్నేహం చేస్తాయి. ఆ స్నేహానికి వాడే జన్యువుల్లో కొన్ని, మినుము బుడిపె కట్టడానికి వాడేవే. అందుకే వరికీ ఈ విద్య నేర్పగలమా అని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు. ఇంకా కుదరలేదు. కుదిరేదాకా, వరి తరవాత మినుము అన్న అమ్మమ్మల పద్ధతి మన చేతిలో ఉంది. ఎందుకో కూడా ఇప్పుడు మనకు తెలుసు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఏ పంట తరవాత ఏ పంట వేస్తారు? పెద్దవాళ్ళను అడగండి.

2. మీ చేలో మినప బుడిపెలు ఏ రంగులో ఉన్నాయి? అందరూ ఒక్కో మొక్క తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి.

3. కిందటేడు అపరాల చేనుకు మీ ఇంట్లో యూరియాకు ఎంత ఖర్చయింది? రాసి లెక్క కట్టండి.