పదును లెక్క కట్టిన స్వీడన్ పెద్దావిడ

పోయిన వీడియోలో మా పొలంలో ఎండిపోయిన మూడో బోరు చూపించాను కదా. నాలుగోది వేస్తావా అని చాలామంది ఫోన్ చేశారు. మా నాన్నయితే రోజూ అడుగుతున్నాడు. దానికి జవాబు చెప్పేముందు ఒకావిడ గురించి చెప్పాలి.

పేరు మలిన్ ఫాల్కెన్‌మార్క్. 1925లో స్టాక్‌హోమ్‌లో పుట్టారు. 2023 డిసెంబరులో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నీటి శాస్త్రవేత్త. మొదట్లో ఆవిడ చదివింది ఏంటంటే, చలికాలం సరస్సుల మీద గడ్డకట్టిన మంచు ఎంత బరువు మోస్తుందో! మనకి ఆమడ దూరం కూడా సంబంధం లేని విషయం.

1989లో ఆవిడ ఇచ్చిన లెక్కే ఇప్పటికీ చాలామంది వాడేది. ఒక దేశంలో మనిషికి ఏడాదికి 1,700 ఘనపు మీటర్ల కంటే తక్కువ నీళ్లుంటే ఇబ్బంది మొదలు, 1,000 కంటే తగ్గితే కరువు, 500 కంటే తగ్గితే ఘోరమైన కరువు. కానీ ఇందులో లెక్కపెట్టింది నదులూ చెరువులూ భూగర్భజలాలే. వానాధారం రైతు వాడుకునే నీళ్లు ఇందులో లేనే లేవు.

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఇక్కడే. తన లెక్కకి అంత పేరొచ్చాక కూడా ఆవిడ అక్కడే ఆగిపోలేదు. 1995లో నీళ్లని రెండు రంగులుగా విడదీశారు. పారేదీ, తోడుకునేదీ నీలి నీరు. నేలలో ఇంకి, వేళ్లు తాగి, ఆకుల్లోంచి ఆవిరయ్యేది పచ్చ నీరు. భూమ్మీద పడే వానలో సగం కంటే ఎక్కువ ఈ రెండో దారిలోనే పోతుంది. పచ్చ నీరంటే ఇంకేం కాదండీ, మనం పదును అంటాం చూడండి, అదే.

ఆవిడతో కలిసి పనిచేసిన యోహాన్ రాక్‌స్ట్రోమ్ నైజర్ దేశంలో సజ్జ చేలల్లో వాన ఎటు పోతోందో కొలిచాడు. పైరు తాగింది కొంచెమే. మిగతాదాంట్లో చాలా భాగం ఉత్త నేల మీంచి ఆవిరైపోయింది, కొంత కొట్టుకుపోయింది. అలా ఊరికే పోయే ఆవిరిని పైరు గుండా పోయేలా మళ్లిస్తే కొత్త నీళ్లు లేకుండానే దిగుబడి పెరుగుతుందని ఇద్దరూ చెప్పారు. మనం ఆచ్ఛాదన అనేది దీనికే.

మా అనంతపురం సంగతి చూద్దాం. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అనుకున్నా 22 లక్షల లీటర్లు. బోరు కోసం అప్పు చేస్తున్నాం గానీ, ఇన్ని నీళ్లు నెత్తిన పడుతుంటే ఎటు పోతున్నాయో ఎప్పుడైనా చూశామా?

ఇంకోటి కూడా చెప్పాలి, మనవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. చేలో ఎక్కువ నిలుపుకుంటే కింది చెరువుకు పారేది తగ్గొచ్చు. నేల వాడకం మారిస్తే దిగువ నీళ్లూ మారతాయని ఆవిడ చివరిదాకా గుర్తుచేస్తూనే ఉన్నారు. మా కింద ఆయకట్టు రైతులున్నారు, వాళ్లతో కూడా మాట్లాడాలి.

పోయిన వాన పడిన తొమ్మిదో రోజు కంది చేలో రెండు చోట్ల జానెడు లోతు తవ్వి చూశాం. వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి పరిచిన చోట మట్టి పిడికిట్లో ముద్దయింది. పరచని చోట పొడిపొడిగా రాలిపోయింది. వీడియో లింకు కింద ఇచ్చాను, అందులో గడ్డపార పట్టుకుంది మా నాన్నే. బోరు మాట ఇంకా తేలలేదు గానీ, ఆ వారం ఆ ప్రస్తావన తేలేదు.